బ్రెగ్జిట్ తర్వాత స్కాట్లండ్ చేతికి ఏం వచ్చింది, ఏం జారింది?

పుల్లట్టు:
నాకొక లెక్క తేలడం లేదు. బ్రెగ్జిట్ అయితే, అంటే యూకే యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికొస్తే, వ్యవసాయం, చేపలవేట, పర్యావరణం మీద అధికారాలు ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి తిన్నగా స్కాట్లండ్ రాజధాని ఎడింబరోకి వస్తాయని లండన్ మంత్రులు అన్నారు. ఎడింబరో వాళ్లేమో మాకున్నవి కూడా లాగేసుకున్నారు అంటున్నారు. ఇద్దరూ ఒకేసారి నిజం చెప్పడం కుదరదు కదా? పార్టీల గొడవ వద్దండీ, ఏ సెక్షన్ ఏం చేసిందో తెలిసినవాళ్లు చెప్పండి చాలు.

సెక్షన్_29:
ఇద్దరూ నిజమే చెప్పారు. అదే ఇందులో తిరకాసు.

1998 నాటి స్కాట్లండ్ చట్టం, స్కాట్లండ్ పార్లమెంటుకు ఏమేం ఉన్నాయో జాబితా రాయదు. ఏవి లేవో రాస్తుంది. విదేశాంగం, రక్షణ, వలసలు లాంటివి ఐదో షెడ్యూల్లో ఉన్నాయి, అవి వెస్ట్‌మినిస్టర్‌వి, అంటే లండన్‌లోని యూకే పార్లమెంటువి. అందులో లేనిదంతా ఎడింబరోది. వ్యవసాయం, చేపలవేట, పర్యావరణం, ఆహార ప్రమాణాలు ఐదో షెడ్యూల్లో లేవు, కాబట్టి మొదటినుంచీ స్కాట్లండ్‌వే. కాకపోతే 29(2)(డి) అని ఒక చిన్న క్లాజు ఉండేది: ఈయూ చట్టానికి విరుద్ధంగా స్కాట్లండ్ పార్లమెంటు చేసింది అసలు చట్టమే కాదు. గిన్నె స్కాట్లండ్‌దే, దాని మీద మూత బ్రస్సెల్స్‌ది అనుకోండి.

బ్రెగ్జిట్‌తో మూత తీశారు. షెడ్యూల్ ముట్టుకోకుండా మూత మాత్రం తీస్తే అధికారం పెరిగినట్టే. లండన్ వాళ్లు చెప్పింది ఇక్కడి వరకే. ఆ ఖాళీలో ఇంకో మూత పెట్టే ప్రయత్నం ఎలా జరిగిందన్నది అసలు కథ.

కృష్ణాతీరం:
ఆ ప్రయత్నం పేరు క్లాజ్ 11. 2017లో తెచ్చిన ఈయూ ఉపసంహరణ బిల్లు మొదటి ముసాయిదాలో ఏముందంటే, ఈయూ నుంచి మనదిగా మార్చుకుని నిలుపుకున్న చట్టాన్ని స్కాట్లండ్, వేల్స్ మార్చడానికి వీల్లేదు, లండన్ విడుదల చేసినవి తప్ప. అంటే అన్నీ తాళంలో పెట్టి, ఒక్కొక్కటిగా తీసి ఇస్తామన్నారు. గోల జరిగాక తిరగేశారు: అన్నీ ఎడింబరోకే వెళ్తాయి, కానీ లండన్ కావాలనుకున్నవాటిని నిబంధనల ద్వారా కొంతకాలం స్తంభింపజేయొచ్చు. ఆ నిబంధనలు చేయడానికి బ్రెగ్జిట్ రోజు నుంచి 2 ఏళ్ల గడువు, చేసినవి 5 ఏళ్లకు మించి నిలవవు. 2018 చట్టంలో అది సెక్షన్ 12 అయింది.

చదివి నవ్వుకోవలసిన చోటు ఒకటుంది. స్తంభన నిబంధన పెట్టేముందు స్కాట్లండ్ పార్లమెంటు 'సమ్మతి నిర్ణయం' ఉండాలి. సమ్మతి నిర్ణయం అంటే ఏమిటో చట్టమే చెప్పింది: సరే అనడం, సరే అనకపోవడం, వద్దని తీర్మానించడం, లేదా 40 రోజులు ఏమీ అనకుండా ఉండడం. నాలుగింటిలో ఏది జరిగినా ముందుకు వెళ్లొచ్చు!

ఇంతా చేసి ఆ అధికారాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. 2022లో తీసేశారు.

పుల్లట్టు:
వాడకుండానే తీసేశారంటే నష్టమేమీ జరగలేదుగా?

సెక్షన్_29:
నష్టం వేరే చోట జరిగింది, వస్తాను ఉండండి. ముందు సూయెల్ ఆనవాయితీ సంగతి తేలాలి. బదిలీ అయిన విషయాల మీద, అంటే స్కాట్లండ్ పార్లమెంటు చేతిలో ఉన్నవాటి మీద, స్కాట్లండ్ సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ 'సాధారణంగా' చట్టం చేయదు అన్నది 1998లో అప్పటి మంత్రి లార్డ్ సూయెల్ సభలో చెప్పిన మాట. 2016 చట్టంతో అది సెక్షన్ 28(8)గా చట్టంలోకీ ఎక్కింది. చట్టంలో ఉందిగా, కోర్టు కాపాడుతుందని చాలామంది అనుకున్నారు. 2017 జనవరి 24న, బ్రెగ్జిట్ ప్రక్రియ మొదలెట్టే అధికారం ఎవరిదన్న మిల్లర్ కేసులో, సుప్రీంకోర్టు ఈ ఒక్క విషయంలో ఏకగ్రీవంగా తేల్చింది: ఇది రాజకీయ ఆనవాయితీయే, చట్టంలో రాసినంత మాత్రాన కోర్టు అమలు చేయదు. న్యాయమూర్తులు ఇలాంటి ఆనవాయితీలకు తల్లిదండ్రులూ కారు, సంరక్షకులూ కారు, పక్కనుండి చూసేవాళ్లు అన్నారు.

దాని పైన 28(7) ఉంది: స్కాట్లండ్ కోసం చట్టాలు చేసే వెస్ట్‌మినిస్టర్ అధికారానికి ఏ లోటూ లేదు. 28(8)లో 'సాధారణంగా' అన్న మాటకు ఎంత బలమో 28(7) పక్కన పెట్టి చదివితే అర్థమవుతుంది.

ఓరుగల్లు_పిల్ల:
ఇది మనకు తెలిసిన బాపతే. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. సమ్మతి అడగడం వేరు, వినడం వేరు.

కృష్ణాతీరం:
పోలిక సగమే కుదురుతుందమ్మా. మన ఆర్టికల్ 3లో అసెంబ్లీ 'అభిప్రాయం' అడుగుతారు, సమ్మతి అని ఎక్కడా లేదు. కాబట్టి అక్కడ మాట తప్పింది లేదు. పైగా మన ఏడో షెడ్యూల్ జాబితాలు మార్చాలంటే 368 కింద సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. స్కాట్లండ్ చట్టానికి ఆ రక్ష లేదు, అది మామూలు చట్టం. ఒకే పత్రంగా రాసుకున్న రాజ్యాంగమే లేనప్పుడు సవరణ కష్టమన్న మాటే రాదు.

చెంబుడునీళ్లు:
మరి స్కాట్లండ్ ఊరుకుందా?

సెక్షన్_29:
ఊరుకోలేదు. ఈయూ నుంచి వచ్చిన చట్టాలను స్కాట్లండ్‌లో కొనసాగించడానికి తమ సొంత కొనసాగింపు బిల్లు తెచ్చింది. 2018 మార్చి 21న 95-32తో పాసైంది. ఇది మన అధికార పరిధిలో లేదని స్పీకర్ స్థానంలోని ప్రిసైడింగ్ ఆఫీసర్ కెన్ మాకింటోష్ రాసిచ్చారు. ఉందని స్కాట్లండ్ ప్రభుత్వ న్యాయాధికారి లార్డ్ అడ్వొకేట్ అన్నారు. ఆ పార్లమెంటులో అలాంటిది అంతకుముందు జరగలేదు.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడండి. బిల్లు పాసయ్యాక 4 వారాల లోపు ప్రభుత్వ న్యాయాధికారులు సెక్షన్ 33 కింద దాన్ని సుప్రీంకోర్టుకు పంపొచ్చు. లండన్ తరఫున ఏప్రిల్ 17న పంపారు. కోర్టు తేల్చేదాకా రాజముద్ర పడదు, అంటే బిల్లు గడ్డకట్టినట్టే. ఈలోగా మే 15న స్కాట్లండ్ పార్లమెంటు లండన్ బిల్లుకు సమ్మతి నిరాకరించింది, 93-30తో. అయినా జూన్ 26న లండన్ బిల్లు చట్టమైంది, నాలుగో షెడ్యూల్లోకి, అంటే స్కాట్లండ్ మార్చకూడని చట్టాల పట్టీలోకి, చేరింది కూడా.

డిసెంబర్ 13న తీర్పు. మార్చిలో పాసైన రోజున చూస్తే ఆ బిల్లులో పరిధి దాటింది సెక్షన్ 17 ఒక్కటే. కానీ మధ్యలో నాలుగో షెడ్యూల్ మారింది కాబట్టి ఇంకా చాలా క్లాజులు పరిధి దాటిపోయాయి. ఆట మధ్యలో గోల్‌పోస్టు జరిపారనడం అతిశయోక్తి కాదు, తీర్పు చదివితే జరిగింది అదే.

పుల్లట్టు:
సెక్షన్ 17లో ఏముంది?

సెక్షన్_29:
ఈయూ నుంచి నిలుపుకున్న చట్టం మీద, బదిలీ అయిన విషయాల్లో లండన్ మంత్రులు నిబంధన చేస్తే, స్కాట్లండ్ మంత్రుల సమ్మతి లేనిదే అది చెల్లదు అని. వెస్ట్‌మినిస్టర్ చట్టం చెల్లుబాటుకు ఎడింబరో షరతు పెట్టినట్టయింది. 28(7) దగ్గర పడిపోయింది.

లోయలవాడు:
వేల్స్ దారి వేరు. వాళ్లూ సొంత కొనసాగింపు చట్టం చేశారు, కానీ 2018 ఏప్రిల్ 24న లండన్‌తో ఒప్పందం కుదుర్చుకుని, మే 15న సమ్మతి ఇచ్చి, తర్వాత తమ చట్టాన్ని తామే రద్దు చేసుకున్నారు. 2016 బ్రెగ్జిట్ రిఫరెండంలో వేల్స్ 52.5 శాతం బయటికే ఓటేసింది, స్కాట్లండ్ 62 శాతం ఉండాలంది, ఆ తేడా ఇక్కడ కనిపిస్తుంది. ఒప్పందం వల్ల కలిసొచ్చిందేమీ లేదని వేల్స్‌కు 2020లో అర్థమైంది.

చెంబుడునీళ్లు:
2020 అంటే ఇంటర్నల్ మార్కెట్ చట్టమేనా? దాని గురించి ఎవరైనా మామూలు మాటల్లో చెప్పరూ. ఎక్కడ చదివినా తల తిరుగుతోంది.

హైలాండ్_హైదరాబాదీ:
నేను చెప్తా. డిసెంబర్ 17, 2020న వచ్చిందది. రెండు సూత్రాలు.

మొదటిది పరస్పర గుర్తింపు. యూకేలో ఒక భాగంలో తయారైన, లేదా బయటి నుంచి ఆ భాగంలోకి దిగుమతైన సరుకు అక్కడ చట్టప్రకారం అమ్మదగినదైతే, మిగతా మూడు భాగాల్లోనూ అమ్ముకోవచ్చు. సరుకు లక్షణం, ప్యాకింగ్, లేబుల్ మీద ఆ మూడు భాగాలు పెట్టుకున్న నిబంధనలు దానికి వర్తించవు.

రెండోది వివక్ష కూడదని. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఎంత ధరకు అమ్మాలి అన్న 'అమ్మే తీరు' నిబంధనలు మొదటి సూత్రం కిందికి రావు, దీని కిందికి వస్తాయి. బయటి సరుకును ప్రత్యేకంగా దెబ్బకొట్టనంతవరకు చెల్లుతాయి. స్కాట్లండ్ మద్యానికి కనీస ధర పెట్టింది చూడండి, 2018 మేలో యూనిట్‌కు 50 పెన్నీలు, 2024 సెప్టెంబర్ 30 నుంచి 65. అది ధర నిబంధన కాబట్టి బతికింది. అదే స్కాట్లండ్ 'సీసాలో ఇంతకు మించి ఆల్కహాల్ ఉండకూడదు' అంటే ఇంగ్లండ్ సీసా దర్జాగా వచ్చి కూర్చుంటుంది.

అసలు మెలిక ఏమిటంటే ఈ రెండు సూత్రాలు ఏ అధికారాన్నీ తీసేయవు. స్కాట్లండ్ పార్లమెంటు ప్లాస్టిక్ ఫోర్కు నిషేధించొచ్చు, చట్టం చెల్లుతుంది కూడా. కాకపోతే అది స్కాట్లండ్‌లో తయారయ్యే, లేదా విదేశం నుంచి తిన్నగా అక్కడికి దిగుమతయ్యే ఫోర్కుకే తగులుతుంది. ఇంగ్లండ్ జనాభా 5.8 కోట్లకు పైనే, స్కాట్లండ్‌ది 55 లక్షలు. లారీలు ఎటు నుంచి ఎటు వస్తాయో వేరే చెప్పాలా? సొంత ఊరి తయారీదారుకు కట్టడి, పొరుగువాడికి స్వేచ్ఛ. ఇలాంటి చట్టం చేయడానికి ఏ మంత్రి ముందుకొస్తాడు?

పుల్లట్టు:
ఈయూలోనూ పరస్పర గుర్తింపు ఉందిగా! తేడా ఏంటి?

హైలాండ్_హైదరాబాదీ:
మంచి ప్రశ్న. ఈయూలో పర్యావరణం, వినియోగదారుల రక్షణ, ప్రజారోగ్యం లాంటి కారణం చూపి, నిబంధన దానికి తగిన మోతాదులో ఉందని కోర్టులో నిలబెట్టుకుంటే పొరుగు సరుకును ఆపొచ్చు. పైగా ఉమ్మడి ప్రమాణాలను అందరూ కలిసి రాసుకునేవాళ్లు. యూకే చట్టంలో పరస్పర గుర్తింపుకు అలాంటి సమర్థనే లేదు, మినహాయింపుల షెడ్యూల్లో ఉంటేనే ఆపగలరు: ప్రమాదకర ఆహారం, తెగుళ్లు, రసాయనాలు, పురుగుమందులు లాంటివి. రెండో సూత్రంలో పరోక్ష వివక్షకు మాత్రం సమర్థన ఉంది, అదీ ప్రాణం, ఆరోగ్యం, ప్రజాభద్రత వరకే. పర్యావరణం అన్న మాట లేదు.

కొత్త మినహాయింపు కలపాలంటే లండన్ మంత్రే సెక్షన్ 10 కింద నిబంధన చేయాలి. ఎడింబరో, వేల్స్ రాజధాని కార్డిఫ్ మంత్రుల సమ్మతి అడగాలి, నెలలో రాకపోతే ఎందుకు ముందుకెళ్తున్నానో ఒక ప్రకటన చేసి కానిచ్చేయొచ్చు.

ఓరుగల్లు_పిల్ల:
కంచె వేసుకునే హక్కు నీదే, గేటు తాళం మాత్రం మా దగ్గర అన్నట్టుంది.

హైలాండ్_హైదరాబాదీ:
అంతే అంతే. ఆచరణలో చూస్తే ప్లాస్టిక్ సంగతే తీసుకోండి. స్కాట్లండ్ నిషేధం 2022 జూన్ 1న అమల్లోకి వచ్చింది: ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, ఫోర్కులు, థర్మోకోల్ లాంటి పాలిస్టైరీన్ డబ్బాలు. మినహాయింపు వచ్చింది ఆగస్టు 12న. మధ్యలో పది వారాలు ఇంగ్లండ్‌లో చట్టబద్ధమైన ఫోర్కును స్కాట్లండ్ కొట్టు అమ్మితే ఆపే దారి లేదు. ఇంగ్లండ్ తానే ప్లేట్లు, ఫోర్కులు నిషేధించింది 2023 అక్టోబర్ 1న.

ఈ మినహాయింపైనా ఎందుకు దొరికిందంటే లండన్ కూడా అటే నడుస్తోంది కాబట్టి. లండన్ ఎదురు దిక్కున ఉంటే ఏమవుతుందో సీసాల డిపాజిట్ పథకం చూపించింది.

చెంబుడునీళ్లు:
దాని గురించి కాస్త వివరంగా.

హైలాండ్_హైదరాబాదీ:
స్కాట్లండ్ 2020లోనే నిబంధనలు చేసింది. ప్రతి సీసాకు, డబ్బాకు 20 పెన్నీల డిపాజిట్, ఖాళీది తిరిగిస్తే వెనక్కి. ప్లాస్టిక్, అల్యూమినియం, స్టీల్, గాజు, నాలుగూ. వాయిదాలు పడి పడి 2023 ఆగస్టు 16కు, ఆపైన 2024 మార్చికి వచ్చింది. మినహాయింపు లేకపోతే ఇంగ్లండ్ నుంచి వచ్చే పానీయాల కంపెనీలు డిపాజిట్ కట్టం, లేబుల్ మార్చం అనొచ్చు, అందుకని అడిగారు. 2023 మే చివర్లో లండన్ జవాబు: తాత్కాలిక మినహాయింపు ఇస్తాం, గాజు తీసేయండి, డిపాజిట్ మొత్తం లాంటివి మిగతా యూకేతో సరిపోవాలి. ఇంగ్లండ్‌లో అప్పటికి పథకమే లేదు, లేనిదానితో ఎలా సరిపోతుంది? వారం పది రోజుల్లో స్కాట్లండ్ మంత్రి లోర్నా స్లేటర్ పథకాన్ని 2025 అక్టోబర్ దాకా వాయిదా వేశారు. నడపాల్సిన సర్క్యులారిటీ స్కాట్లండ్ సంస్థ ఆ జూన్‌లోనే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

లండన్ వైపు వాదన కూడా చెప్పాలి: మినహాయింపు అధికారికంగా అడగడంలో స్కాట్లండ్ ఆలస్యం చేసిందని, పథకం అప్పటికే పరిశ్రమ వ్యతిరేకతతో కూలుతోందని. రెండో మాటలో నిజం లేకపోలేదు, చిన్న బ్రూవరీలు గగ్గోలు పెట్టాయి. కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో గమనించండి: 2020లో పార్లమెంటు ఆమోదించిన నిబంధనల్లో గాజు ఉండాలా వద్దా అన్నది 2023లో లండన్ తేల్చింది.

సెక్షన్_29:
చిన్న చేర్పు. 2020 డిసెంబర్ 31కి ముందే అమల్లో ఉన్న నిబంధనలకు ఈ చట్టం తగలదు, తర్వాత వాటిని గణనీయంగా మార్చకపోతే. డిపాజిట్ నిబంధనలు అచ్చయింది 2020లోనే అయినా అమ్మకం మీద షరతు అప్పటికి మొదలు కాలేదు, అందుకే ఆ నీడ దొరకలేదు. దీనివల్ల పాత నిబంధన ఉన్నవాళ్లు దాన్ని మెరుగుపరచడానికి కూడా జంకుతారు, ముట్టుకుంటే రక్షణ పోతుందేమోనని.

పుల్లట్టు:
వాడి పారేసే వేప్‌ల (ఎలక్ట్రానిక్ సిగరెట్ల) నిషేధం స్కాట్లండ్‌లో 2025 ఏప్రిల్ 1 అని మొదట చదివాను, తర్వాత జూన్ 1 అన్నారు. అదీ ఇందుకేనా?

హైలాండ్_హైదరాబాదీ:
ఇంగ్లండ్, వేల్స్ జూన్ 1 ఎంచుకున్నాయి. స్కాట్లండ్ ఏప్రిల్‌లో మొదలెడితే ఆ రెండు నెలలు దక్షిణం నుంచి వచ్చే సరుకును ఆపలేని పరిస్థితి. తేదీ కలిపేశారు. కొట్లు నడిపేవాళ్లు స్కాట్లండ్ నిబంధన ఏదైనా వస్తోందంటే రెండు విషయాలు చూసుకోవాలి: సెక్షన్ 10 మినహాయింపు వచ్చిందా, ఇంగ్లండ్ తేదీ ఏమిటి.

గోదారిగట్టు:
రైతుల వైపు చూడండి. ఇంగ్లండ్ 2023లో జన్యు సవరణ పంటల చట్టం చేసింది. స్కాట్లండ్, వేల్స్ దానికి ఒప్పుకోలేదు. కానీ ఆ చట్టం కింద ఇంగ్లండ్‌లో అమ్మదగినదైన ఆహారం, విత్తనం పరస్పర గుర్తింపు కింద ఉత్తరానికీ రావచ్చు. ఒక వెసులుబాటుంది, ఆ సూత్రం అమ్మకానికే గాని వాడకానికి కాదు. విత్తనం అమ్మనివ్వాలేమో కానీ పొలంలో నాటడం మీద స్కాట్లండ్ నిషేధం నిలుస్తుంది. పండించకూడదు, పండించినదాన్ని కొనుక్కు తినొచ్చు.

లోయలవాడు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. వేల్స్‌కు ఇదే పెద్ద దెబ్బ. ఈయూ నిధులను కార్డిఫ్, ఎడింబరో ప్రభుత్వాలే ప్రణాళిక వేసి పంచేవి. ఇంటర్నల్ మార్కెట్ చట్టం సెక్షన్ 50 ప్రకారం లండన్ మంత్రులు ఆర్థికాభివృద్ధి, రోడ్లు వంతెనలు, సంస్కృతి, క్రీడల మీద ఎక్కడైనా తిన్నగా ఖర్చు పెట్టొచ్చు. 2022 నుంచి 2025 దాకా 260 కోట్ల పౌండ్ల షేర్డ్ ప్రాస్పరిటీ ఫండ్ అలాగే వచ్చింది, లండన్ నుంచి సరాసరి స్థానిక కౌన్సిళ్లకు. కౌన్సిల్‌కు డబ్బు ముట్టింది కాబట్టి ఊళ్లో ఎవరికీ కోపం రాదు. మధ్యలో ఉన్న ప్రభుత్వం మాత్రం పక్కకు జరిగింది. నన్నడిగితే ప్లాస్టిక్ ఫోర్కుల కన్నా ఇదే లోతైన మార్పు.

సబ్సిడీల నియంత్రణను కూడా అదే చట్టం సెక్షన్ 52తో రిజర్వ్‌డ్ జాబితాలో, అంటే వెస్ట్‌మినిస్టర్ తన దగ్గరే ఉంచుకున్నవాటిలో కలిపేసింది. ఐదో షెడ్యూల్ పెరిగిన చోటు ఇదొక్కటే కనిపిస్తుంది. 'ఉన్న అధికారం లాక్కున్నారు' అన్న మాటకు అచ్చమైన ఉదాహరణ కావాలంటే ఇదే.

ఓరుగల్లు_పిల్ల:
వేల్స్ కోర్టుకు వెళ్లలేదా?

లోయలవాడు:
వెళ్లింది. ఇలాంటి సాధారణ మాటలతో మా చట్టాధికారాన్ని దొడ్డిదారిన కుదించలేరు అని వాదించింది. 2022 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు తొందరపడ్డారు అంది: ముందు ఏదైనా చట్టం చేసుకురండి, గొడవ ముదిరితే అప్పుడు చూద్దాం.

చెంబుడునీళ్లు:
ఉత్తర ఐర్లండ్?

సెక్షన్_29:
దానికి వేరే చర్చ మొదలెట్టాలి. ఒక్క ముక్క: సరుకుల విషయంలో యూకే, ఈయూ చేసుకున్న విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం కింద ఈయూ నియమాలే చాలావరకు నడుస్తున్నాయి. దాన్ని కొనసాగించాలా అని 2024 డిసెంబర్ 10న అక్కడి అసెంబ్లీలో ఓటు పెడితే 48-36తో సరే అన్నారు. కొత్త ఈయూ నియమం మీద 30 మంది సభ్యులు, కనీసం రెండు పార్టీల వాళ్లు, అభ్యంతరం చెప్పే వీలూ ఉంది. స్కాట్లండ్‌కు అలాంటిదేదీ లేదు.

పుల్లట్టు:
ఇప్పుడు స్కాట్లండ్‌లో ఒక బిల్లు వస్తే, అది నిలుస్తుందో లేదో ఏ వరుసలో చూడాలి?

కృష్ణాతీరం:
ముందు ఐదో షెడ్యూల్: బిల్లు ఉద్దేశం రిజర్వ్‌డ్ విషయానికి చెందిందా అని, కేవలం తగిలిందా అని కాదు. తర్వాత నాలుగో షెడ్యూల్, ముట్టుకోకూడని చట్టాన్ని మారుస్తోందా. తర్వాత ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక. ఇవి దాటితే చెల్లుతుంది. పాత పుస్తకాలు ఇక్కడే ఆపేస్తాయి. ఇప్పుడు చెల్లుబాటు కాదు, పని చేస్తుందా అన్నది అసలు పరీక్ష. నిబంధన సరుకు మీదా, అమ్మే తీరు మీదా, వాడకం మీదా? సరుకు మీదైతే అది తయారయ్యేది, దిగుమతయ్యేది ఎక్కడ? మినహాయింపు కావాలంటే ఆ రంగానికి కామన్ ఫ్రేమ్‌వర్క్, అంటే యూకేలోని ప్రభుత్వాలు కలిసి పనిచేసేందుకు రాసుకున్న ఒప్పందం, ఉందా, అందులో ఎన్ని నెలల ముందు అడగాలి? ఈ చివరి ప్రశ్న బిల్లు ముసాయిదా రోజునే వేసుకోవాలి, పాసయ్యాక కాదు.

గోదారిగట్టు:
2021లో స్కాట్లండ్ మళ్లీ కొనసాగింపు చట్టం చేసింది, ఈసారి కోర్టు గొడవ లేకుండా. ఈయూ ప్రమాణాలు మారినప్పుడల్లా తామూ మార్చుకునే అధికారం మంత్రులకిచ్చారు. తాగునీటి నాణ్యత విషయంలో వాడారు. ఇలా ఎవరి దారి వారిదిగా ఉంటే, 2025 మే 19న లండనే ఈయూతో ఆహారం, పశువులు, మొక్కల ప్రమాణాల్లో ఈయూ నియమాలను ఎప్పటికప్పుడు అనుసరించే ఒప్పందం చేసుకుంటామంది. ఈ రంగాలు బదిలీ అయినవే.

సెక్షన్_29:
ఎడింబరో కోరుకున్న దిక్కే అది. కానీ ఆ అనుసరణ నిబంధనలు ఎవరు సంతకం పెడతారు అన్నది చూడాలి. 2023 నాటి నిలుపుకున్న ఈయూ చట్టాల రద్దు చట్టంలో స్కాట్లండ్, వేల్స్ సమ్మతి లేకుండానే, బదిలీ అయిన రంగాల్లో కూడా లండన్ మంత్రులు నిబంధనలు చేసే వీలు రాసుకున్నారు. అదే మూస మళ్లీ వాడితే బ్రస్సెల్స్ నియమం లండన్ మంత్రి చేతి మీదుగా స్కాట్లండ్ పొలానికి వెళ్తుంది.

ఓరుగల్లు_పిల్ల:
అంటే మూత మళ్లీ వచ్చింది, ఈసారి పట్టుకునేవాళ్లు ఇద్దరు?

సెక్షన్_29:
చట్టం అచ్చులో చూసేదాకా ఆ మాట అనను. సమ్మతి క్లాజులో 'తీసుకోవాలి' అని ఉందా, 'సంప్రదించాలి' అని ఉందా, ముందు ఆ పదం వెతకండి.